వదులైన రోలింగ్ బ్లాక్‌ని మళ్లీ బిగువు చేయడం: పాత రెమింగ్టన్ రైఫిల్ యాక్షన్ మరమ్మతుకు సమగ్ర మార్గదర్శి

పాత సింగిల్ షాట్ రైఫిళ్లలో రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్‌ని విప్పడం చాలా సులువు. దానికి వచ్చిన తంటా కూడా అదే. నూట యాభై ఏళ్లలో చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నారు, ఆకురాయితో రెండు గీతలు గీశారు, "బాగు చేశాం" అనుకున్నారు. ఈ రోజు వేలంలో కొన్న నంబర్ 1 యాక్షన్‌ని (రోలింగ్ బ్లాక్‌లో ఒక రకం; యాక్షన్ అంటే తూటాను లోపల మూసి పేల్చే యంత్రాంగం) తెరిచి చూస్తే సగం నష్టం వాడకంతో వచ్చింది, మిగతా సగం మరమ్మతుతో వచ్చింది.

అందుకే కింద చెప్పే పద్ధతంతా ఒకే నియమం మీద నడుస్తుంది. పిన్ను (భాగాలు తిరిగే ఇరుసు) పోతే కొత్తది చేసుకోవచ్చు. రిసీవర్ (యాక్షన్ భాగాలన్నిటినీ పట్టుకునే పెట్టె), బ్లాక్ (తూటా వెనక మూసే దిమ్మ), హ్యామర్ (కొట్టే సుత్తి) పోతే చేసుకోలేం. కాబట్టి అరుగుదల భారాన్ని వీలైనంతవరకు పిన్ను మీదకే నెట్టాలి, ఆ మూడింటి జోలికి తప్పదనుకున్నప్పుడే వెళ్లాలి.

పని మొదలుపెట్టే ముందు

ఇది అమెరికాలో స్థిరపడి పాత రైఫిళ్లు సేకరించే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకీ యాంటిక్ కిందకు వస్తుంది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకులు, తూటాల విషయంలో ప్రత్యేక నిషేధాలు, వాటికి మినహాయింపులు ఉన్నాయి. ఆ సంగతి స్నేహితుడి మాట మీద కాక లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఇండియాలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ మరమ్మతు చేయడానికే లైసెన్సు కావాలి. తాతగారి అటక మీద దొరికిన తుపాకీని ఇది చదివి విప్పొద్దు.

రెండో విషయం, మీ చేతిలో ఉన్నది ఏ యాక్షన్? నేను చెప్పేది బ్లాక్ పౌడర్ (పాత నల్లమందు) కాలపు నంబర్ 1 గురించి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో రెమింగ్టన్ తయారుచేసినవి, లైసెన్సు మీద ఇతర దేశాల్లో తయారైనవి రెండూ ఇందులోకే వస్తాయి. లెనార్డ్ గైగర్ మొదలుపెట్టిన ఆలోచనను జోసెఫ్ రైడర్ పూర్తి రూపానికి తెచ్చాడు. టాంగ్ (రిసీవర్ వెనక తోక) మీద 1864 నుంచి మొదలయ్యే పేటెంట్ తేదీలు కనిపిస్తాయి. డెన్మార్క్, స్వీడన్, నార్వే 1867లోనే దీన్ని సైన్యానికి తీసుకున్నాయి. ఈజిప్టు, స్పెయిన్ పెద్దఎత్తున వాడాయి. 7 ఎం.ఎం. మౌజర్ తూటాకు చేసిన తర్వాతి కాలపు స్మోక్‌లెస్ (పొగ తక్కువ వచ్చే మందు) యాక్షన్ వేరే జాతి. దాని కొలతలు, ఒత్తిడి లెక్కలు దీనికి పనికిరావు.

మూడోది, మరమ్మతే చేయకూడని తుపాకులు కొన్ని ఉంటాయి. 1874 సెప్టెంబర్ 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా జట్టు ఐర్లండ్‌ని 934-931తో ఓడించింది. 800, 900, 1000 గజాల దూరాల్లో జరిగిన ఆ పోటీలో అమెరికన్లు వాడినవి రెమింగ్టన్లు, షార్ప్స్ రైఫిళ్లు. ఆ కోవకు చెందిన అసలైన లాంగ్ రేంజ్ రైఫిల్ మీ చేతికి వస్తే రీమర్ (రంధ్రాన్ని కోసి సైజుకు తెచ్చే పనిముట్టు) పక్కన పెట్టండి. అసలు పూత, అసలు స్క్రూలు, కేస్ హార్డెనింగ్ రంగులు (ఇనుము పైపొరను గట్టిపరిచినప్పుడు వచ్చేవి) నిలిచి ఉన్న ఏ తుపాకీకైనా ఇదే మాట. వాటిని గోడకు తగిలించి, కాల్చడానికి మామూలుగా దొరికే సైనిక రైఫిల్‌ని ఎంచుకోండి.

యాక్షన్ ఎలా పట్టుకుంటుంది

ఇది అర్థం కాకుండా కొలతలు తీస్తే అంకెలు మిగులుతాయి, నిర్ణయం రాదు. కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం.

రిసీవర్‌లో అడ్డంగా రెండు లావుపాటి పిన్నులు ఉంటాయి. ముందున్న దాని మీద బ్రీచ్ బ్లాక్ తిరుగుతుంది, వెనకదాని మీద హ్యామర్ తిరుగుతుంది. హ్యామర్‌ని వెనక్కి లాగి, బ్లాక్ చెవిని బొటనవేలితో వెనక్కి దొర్లిస్తే ఛాంబర్ (తూటా కూర్చునే గది) తెరుచుకుంటుంది. తూటా పెట్టి బ్లాక్ మూసి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ ముందుకు పడుతుంది. పడుతూ పడుతూ దాని వంపు భుజం బ్లాక్ వెనక వంపు కిందకు జొరబడి, తలుపు వెనక అడ్డగడియలా నిలబడుతుంది. తూటా పేలినప్పుడు బ్లాక్ వెనక్కి రావాలని చూస్తుంది, హ్యామర్ రానివ్వదు. ఆ బలమంతా చివరికి రెండు పిన్నుల మీదుగా రిసీవర్ గోడల్లోకి దిగుతుంది.

దీన్నిబట్టి అరుగుదల ఎక్కడ ఉంటుందో ముందే ఊహించొచ్చు. బ్లాక్ వెనక్కి నెడుతుంది కాబట్టి బ్లాక్ రంధ్రం ముందు గోడ పిన్ను నడిమి భాగాన్ని ముందువైపు నుంచి నొక్కుతుంది. పిన్ను రెండు చివర్లు రిసీవర్ రంధ్రాల వెనక గోడను నొక్కుతాయి. అంటే పిన్ను నడుమ ముందువైపు, చివర్ల దగ్గర వెనకవైపు అరుగుతుంది. రిసీవర్ రంధ్రాలు సాగితే వెనకవైపుకే సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. పిన్నును వెలుతురులో తిప్పి చూసినప్పుడు మెరుపు ఈ చోట్ల కాకుండా ఇంకెక్కడో ఉంటే, ఎవరో తప్పు సైజు పిన్ను వేశారని అనుమానించండి.

ఇంకో భాగం ఉంది, లాకింగ్ లీవర్. బ్లాక్ తెరిచి ఉన్నంతసేపు ఇది ట్రిగ్గర్‌ని కదలనివ్వదు. చిన్న ముక్కే గానీ దీని పని పెద్దది, చివరి పరీక్షలో దీన్ని మళ్లీ చూస్తాం.

కావలసిన పనిముట్లు

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయేలా మొన సమాంతరంగా సాన పెట్టిన స్క్రూడ్రైవర్లు, ఇత్తడి పంచ్‌లు, 0-1 అంగుళం మైక్రోమీటర్, ఫీలర్ గేజ్‌లు, స్టాండుతో డయల్ ఇండికేటర్, రంధ్రాలు కొలవడానికి టెలిస్కోపింగ్ గేజ్ లేదా పిన్ గేజ్‌లు, ప్రష్యన్ బ్లూ (రెండు భాగాలు ఎక్కడ తాకుతున్నాయో చూపే నీలిరంగు), డై పెనెట్రెంట్ (పగుళ్లను చూపే రంగు) డబ్బా. పిన్ను చేయడానికి లేత్ కావాలి. మీ దగ్గర లేకపోతే మంచి మెషినిస్టుకు పాత పిన్ను, కొత్త కొలత ఇస్తే చాలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే కోసుమొన స్క్రూడ్రైవర్‌తో మాత్రం ఈ తుపాకీ దగ్గరకు రావద్దు.

కొలతలన్నీ థౌల్లో చెబుతాను. ఒక థౌ అంటే 0.001 అంగుళం, మన లెక్కలో 0.0254 మిల్లీమీటరు.

విప్పడం

1. బ్లాక్ తెరిచి ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూడండి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి.

2. రిసీవర్ ఎడమవైపు రెండు పిన్నుల మధ్య చిన్న బటన్ పలక, దానికో స్క్రూ ఉంటాయి. రెండు పిన్నులూ జారిపోకుండా పట్టుకునేది ఇదే. స్క్రూ కదలకపోతే బలం పెట్టొద్దు. అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమపాళ్లలో కలిపి రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. అది మంట అంటుకునే మిశ్రమం కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఈ స్క్రూ గాడి చెడిందంటే తుపాకీ ముఖమే చెడినట్టు.

3. హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగి నిలపండి. ముందు పిన్నును కుడివైపు నుంచి ఎడమవైపుకు ఇత్తడి పంచ్‌తో నెట్టండి. బ్లాక్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే ముక్క) బయటికి వస్తాయి.

4. ఇప్పుడు హ్యామర్ స్పర్‌ని (బొటనవేలు ఆనే కొమ్ము) బొటనవేలితో గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా ముందుకు పూర్తిగా దించండి. స్ప్రింగ్ ఒత్తిడి తగ్గాక వెనక పిన్ను తీసి హ్యామర్ బయటికి తీయండి. ఇక్కడ వేలు జారితే గోరు పోతుంది.

5. ట్రిగ్గర్ గార్డు, దానితో పాటు ఉండే స్ప్రింగులు అవసరమైతే తప్ప విప్పొద్దు.

ప్రతి భాగాన్ని ఫోటో తీసి, విడివిడి సంచుల్లో పెట్టి, ఏ పిన్ను ఏ రంధ్రంలోదో, ఏ వైపు పైకి ఉండిందో రాసుకోండి. మురికిని మినరల్ స్పిరిట్స్‌తో (పెట్రోలియం ద్రావకం), నైలాన్ బ్రష్‌తో కడగండి. కేస్ హార్డెనింగ్ రంగులు కొంచెమైనా మిగిలి ఉన్నచోట స్టీల్ ఊల్ తాకించొద్దు. ఒకసారి పోయిన రంగు రాదు.

వదులు ఎక్కడుందో తేల్చడం

పనంతటికీ ఇదే గుండెకాయ. చాలామంది ఇక్కడ పది నిమిషాలు గడిపి లేత్ దగ్గరకు పరిగెడతారు. ఒక పూట ఇక్కడే గడపండి.

మొదట విప్పకముందే చేయాల్సిన కొలత ఒకటుంది. విప్పేసి ఉంటే తాత్కాలికంగా మళ్లీ బిగించండి. హ్యామర్ దించి, బ్లాక్ మూసి ఉంచి, డయల్ ఇండికేటర్ మొనను బ్లాక్ వెనక భాగానికి ఆనించండి. బ్యారెల్ మూతి నుంచి ఇత్తడి కడ్డీ దూర్చి బ్లాక్ ముఖాన్ని మెల్లగా వెనక్కి నెట్టండి, తర్వాత బ్లాక్‌ని వేలితో ముందుకు నెట్టండి. ముల్లు ఎంత తిరిగితే అంత మొత్తం వదులు. ఆ అంకె కాగితం మీద పైన రాసుకోండి. చివర్లో మళ్లీ ఇదే కొలుస్తాం.

ఇప్పుడు దాన్ని విడగొట్టాలి. ఈ వదులులో నాలుగు జతల వాటా ఉంది: ముందు పిన్ను-రిసీవర్, ముందు పిన్ను-బ్లాక్, వెనక పిన్ను-రిసీవర్, వెనక పిన్ను-హ్యామర్. అయిదోది హ్యామర్ భుజానికి, బ్లాక్ వంపుకు మధ్య ఉండే సందు.

పిన్నును అరిగిన చోట ఒకసారి, అరగని చోట ఒకసారి మైక్రోమీటర్‌తో కొలవండి. చివరి అంచు దగ్గర సాధారణంగా అసలు సైజు మిగిలి ఉంటుంది. తేడా రెండు మూడు థౌలు దాటితే పిన్ను మార్చాలి. తర్వాత రిసీవర్ రంధ్రాన్ని రెండు దిక్కుల్లో, నిలువుగా, అడ్డంగా కొలవండి. రెండూ ఒకటే అయితే రంధ్రం గుండ్రంగానే ఉంది, సంతోషించండి. అడ్డం ఎక్కువొస్తే సాగిందన్నమాట. బ్లాక్, హ్యామర్ రంధ్రాలకూ ఇలాగే.

కొలిచిన రైఫిళ్లలో ఎక్కువ వాటికి జబ్బు పిన్ను దగ్గరే ఆగిపోతుంది. రంధ్రాలు గుండ్రంగానే ఉంటాయి. అలాంటప్పుడు రీమర్ అక్కర్లేదు, అసలు సైజులో కొత్త పిన్ను చాలు. మూడు థౌల పిన్ను అరుగుదల కోసం రిసీవర్ రంధ్రాన్ని కోయడం అన్యాయం.

తర్వాత హెడ్‌స్పేస్, అంటే మూసిన బ్లాక్ ముఖానికి, ఛాంబర్‌లో తూటా ఆగే అంచుకు మధ్య దూరం. రిమ్ (అడుగున బయటికి వచ్చిన అంచు) ఉన్న తూటాలకు ఇది రిమ్ మందం మీద ఆధారపడుతుంది. .45-70కి గో గేజ్ (దీని మీద బ్లాక్ మూసుకోవాలి) 0.070 అంగుళం. .43 స్పానిష్, 11.7 ఎం.ఎం. డేనిష్ లాంటి వాటికి గేజ్ దొరకడం కష్టం కాబట్టి ఇలా చేయండి. ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) గాని మందు గాని లేని, మీరు వాడబోయే ఖాళీ కేసు అడుగున పారదర్శక టేపు ఒక పొర అంటించి బ్లేడుతో గుండ్రంగా కత్తిరించండి. ఛాంబర్‌లో పెట్టి బ్లాక్ మూసి హ్యామర్ దించి చూడండి. మూసుకుంటే ఇంకో పొర. బ్లాక్ పూర్తిగా మూసుకోని పొర దగ్గర ఆపి, దానికి ముందున్న పొరల మొత్తం మందాన్ని మైక్రోమీటర్‌తో కొలవండి. ఆ కేసుకు ఉన్న ఖాళీ అదే. నాలుగు థౌల లోపు ఉంటే నేను ముట్టుకోను. ఎనిమిది దాటితే కాల్చను.

చివరగా, రీమర్ పట్టే ఆలోచన ఉన్నా లేకున్నా, పిన్ను రంధ్రాల చుట్టూ డై పెనెట్రెంట్ వేసి పగుళ్ల కోసం చూడండి. హ్యామర్ భుజం మీద, బ్లాక్ మూలల్లో కూడా. ఎర్ర గీత కనిపిస్తే ఆ తుపాకీ కాల్పుల జీవితం అక్కడితో సరి. వెల్డింగ్‌తో అతికించి వాడుకుందామనే ఆలోచన రానివ్వొద్దు. పైన గట్టిపొర, లోపల మెత్తటి ఇనుము ఉన్న పాత భాగానికి వెల్డింగ్ వేడి తగిలితే ఆ గట్టిపొర ఎక్కడ మిగిలిందో, ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు.

కొత్త పిన్ను

లోహం గురించి వాదనలు చాలా ఉన్నాయి. నా ఎంపిక ముందే గట్టిపరిచి అమ్మే 4140 ఉక్కు, అంటే సుమారు 28-32 రాక్‌వెల్ సి (గట్టిదనపు కొలమానం). లేత్ మీద తిరుగుతుంది, వేడి చికిత్స అక్కర్లేదు, దెబ్బకు విరగదు. డ్రిల్ రాడ్ తెచ్చి ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గాజులా గట్టిపరచడం వినడానికి బాగుంటుంది. కానీ సరిగ్గా టెంపర్ చేయని పిన్ను ఒత్తిడికి పగులుతుంది. పిన్ను రంధ్రం కన్నా కొంచెం మెత్తగా ఉండి తానే అరగాలి, అదే మనకు కావాల్సింది.

పిన్నును కావలసిన సైజుకు రెండు థౌలు ఎక్కువగా తిప్పండి. అక్కడి నుంచి 400, ఆపై 600 నంబరు కాగితం నూనెతో తడిపి పాలిష్ చేస్తూ దించండి. ప్రతి కొన్ని రుద్దులకూ కొలవండి, కొలిచే ముందు చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే చల్లారాక చిన్నదవుతుంది. రంధ్రానికి, పిన్నుకు మధ్య అర థౌ నుంచి ఒక థౌ ఖాళీ ఉండాలి. నూనె రాసిన పిన్ను బొటనవేలి ఒత్తిడికి నెమ్మదిగా లోపలికి వెళ్లాలి. సుత్తి కావాల్సొస్తే బిగువు ఎక్కువ, తనంతట జారిపోతే తక్కువ.

చివర్లను పాత పిన్నులాగే కొద్దిగా గుండ్రం చేయండి. బటన్ కూర్చునే గాడిని అన్నిటికన్నా చివర, పిన్ను రంధ్రంలో కూర్చున్న తర్వాత గుర్తు పెట్టి సన్నటి ఆకురాయితో కోయండి. ముందే కోస్తే కోణం తప్పుతుంది.

రంధ్రమే సాగితే

ఇప్పుడు రీమర్ తప్పదు. కానీ ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. కోడిగుడ్డు ఆకారం పోయి గుండ్రం వచ్చేంత వరకే.

రిసీవర్‌ని మిల్లింగ్ మెషిన్ వైస్‌లో మెత్తటి దవడల మధ్య బిగించండి. డయల్ ఇండికేటర్‌తో రంధ్రం అరగని వైపు గోడలను ఆధారంగా తీసుకుని కేంద్రం పట్టండి. సాగిన వైపును ఆధారంగా తీసుకుంటే కేంద్రం వెనక్కి జరిగిపోతుంది, మీరు ఏ వదులును తీసేయాలనుకున్నారో దాన్నే శాశ్వతం చేసినవాళ్లవుతారు. ఈ ఒక్క తప్పు వల్ల పాడైన రిసీవర్లు మార్కెట్లో కనిపిస్తూనే ఉంటాయి.

రెండు గోడలనూ ఒకే బిగింపులో, ఒకే రీమర్‌తో కోయాలి. వేగం నిమిషానికి వంద తిప్పులకు మించొద్దు. కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. రీమర్‌ని వెనక్కి తిప్పొద్దు, కోసే దిక్కులోనే తిప్పుతూ బయటికి తీయండి. రంధ్రం లోపలి గోడ గట్టిపొరతో ఉంటే మామూలు హైస్పీడ్ రీమర్ మొద్దుబారి జారుతుంది, కీచుమంటుంది. ఆ శబ్దం వినగానే ఆపండి. కార్బైడ్ రీమర్ వాడాలి, లేదా ఇత్తడి కడ్డీకి రాపిడి పేస్టు పూసి ల్యాపింగ్ చేయాలి. ల్యాపింగ్ నెమ్మది పని గానీ పొరపాటు చేయడానికి మీకు అవకాశం తక్కువ ఇస్తుంది. గట్టిపొర పలచగా ఉంటుందని గుర్తుంచుకోండి. అది చిల్లిపడి మెత్తటి ఇనుము బయటపడితే రంధ్రం మునుపటికన్నా వేగంగా సాగుతుంది.

బ్లాక్ రంధ్రాన్ని విడిగా, అదే సైజుకు తేవాలి. తర్వాత పిన్ను చేయాలి. ముందు పిన్ను చేసి దానికి రంధ్రం సరిపెట్టే వరుస ఎప్పుడూ నడవదు.

పిన్నులు రెండూ సరిచేశాక కూడా హెడ్‌స్పేస్ ఎక్కువే ఉంటే బ్యారెల్‌ని విప్పి ఒక మర మేర వెనక్కి జరిపి, ఛాంబర్ మళ్లీ కోయించడమే దారి. అది అనుభవమున్న గన్‌స్మిత్ పని. బ్లాక్ ముఖం మీద పలక అతికించడం లాంటి ఉపాయాలు వినిపిస్తాయి, వాటిని విన్నచోటే వదిలేయండి.

హ్యామర్ భుజం, బ్లాక్ వంపు

పిన్నుల పని అయ్యాక ఈ రెండింటి మధ్య పట్టు ఎంతుందో చూడాలి. బ్లాక్ వంపుకు ప్రష్యన్ బ్లూ పలచగా రాసి, బిగించి, హ్యామర్‌ని మెల్లగా దించి మళ్లీ ఎత్తండి. హ్యామర్ భుజం మీద రంగు వెడల్పుగా, మధ్య భాగమంతా పడితే మంచిది. ఒక మూలే పడితే, లేదా ఒక వైపు గీతలా పడితే పట్టు సరిగా లేదు.

కొత్త పిన్నులతో చాలాసార్లు ఇది దానంతటదే మెరుగుపడుతుంది. ఎందుకంటే బ్లాక్ తన పాత స్థానానికి తిరిగొచ్చింది. అప్పటికీ సరిపోకపోతే ఆకురాయి జోలికి పోకండి. ఈ వంపు హ్యామర్ పిన్ను కేంద్రం నుంచి ఒకే దూరంలో ఉండాలి, చేత్తో రుద్దితే ఆ దూరం చెడుతుంది. వేరే హ్యామర్ వెతకండి. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: ఇలియన్ రైఫిల్‌కి స్వీడన్ ఫ్యాక్టరీలు హుస్క్‌వార్నా, కార్ల్ గుస్తాఫ్, నార్వే ఫ్యాక్టరీ కాంగ్స్‌బర్గ్, డేనిష్ భాగాలు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ కొలతలు కలవకపోవచ్చు. పిన్ను రంధ్రం సైజు, మందం, భుజం ఎత్తు అమ్మేవాణ్ని అడిగి తెలుసుకున్నాకే డబ్బు పంపండి.

ఫైరింగ్ పిన్ను

ప్రమాదం నిజంగా దాగుండే చోటు ఇదే. పాత నంబర్ 1ల్లో చాలావాటికి ఫైరింగ్ పిన్నును వెనక్కి లాగే స్ప్రింగ్ ఉండదు. అది స్వేచ్ఛగా ముందుకూ వెనక్కూ జారాలి. తుప్పు, గట్టిపడ్డ గ్రీజు, ప్రైమర్ ముక్క ఏదైనా అడ్డుపడి అది ముందుకు చొచ్చుకుని ఉండిపోతే, బ్లాక్ మూసేటప్పుడే మొన ప్రైమర్‌కు తగలొచ్చు. అప్పటికి హ్యామర్ ఇంకా వెనకే ఉంది, అంటే బ్లాక్ వెనక గడియ లేదు. పేలితే బ్లాక్ మీ ముఖం వైపు తెరుచుకుంటుంది.

కాబట్టి బ్లాక్‌లో అడ్డంగా ఉండే స్క్రూ తీసి ఫైరింగ్ పిన్నును బయటికి తీసి, దాని దారి మొత్తం శుభ్రం చేసి, పొడిగా తుడిచి, పలచటి నూనె ఒక్క చుక్క వేయండి. బ్లాక్‌ని చేతిలో అటూ ఇటూ వంచితే పిన్ను టక్ టక్‌మని కదలాలి.

హ్యామర్ దించి ఉన్నప్పుడు మొన బ్లాక్ ముఖం నుంచి 50 నుంచి 60 థౌలు బయటికి రావాలి. తక్కువైతే పేలదు, ఎక్కువైతే ప్రైమర్‌ని చీల్చుతుంది. మొన అర్ధగోళంలా నునుపుగా ఉండాలి. పాత తుపాకుల్లో మొన లావుగా, దాని రంధ్రం ఇంకా పెద్దగా ఉంటుంది. అలాంటిచోట ప్రైమర్ లోహం రంధ్రంలోకి ఉబ్బి బ్లాక్‌ని ఇరికిస్తుంది. దీనికి చికిత్స, ముఖంలో పాత రంధ్రాన్ని పెద్దది చేసి మర వేసి ఉక్కు బుష్ బిగించి, అందులో సుమారు 75 థౌల మొనకు కొత్త రంధ్రం వేయడం. మంచి మిల్లింగ్ మెషిన్ ఉన్నవాళ్ల చేత చేయించుకోండి. పాత తుపాకీని కాల్చాలనుకుంటే దీనికి పెట్టిన ఖర్చు వృథా కాదు.

ట్రిగ్గర్

ట్రిగ్గర్ బరువుగా ఉందని హ్యామర్ నాచ్‌ని (ట్రిగ్గర్ ముక్కు పట్టుకునే గాటు) సాన పట్టేవాళ్లకు ఈ తుపాకులు బలవుతాయి. నాచ్ మీద గట్టిపొర కొన్ని థౌలే ఉంటుంది. అది పోతే రెండు నెలల్లో మెత్తటి ఇనుము గుండ్రబడి హ్యామర్ దానంతటదే జారుతుంది. సాన పట్టాల్సి వస్తే ట్రిగ్గర్ ముక్కు మీద మాత్రమే, నునుపైన సానరాయితో, ఉన్న కోణం మార్చకుండా, బర్ర్ (అంచున పొడుచుకొచ్చిన గరుకు) పోయేంత వరకే. ముక్కు అరిగిపోతే కొత్త ట్రిగ్గర్ వేయండి. మూడు పౌండ్ల కన్నా తేలికైన లాగుడు ఈ యాక్షన్‌లో నాకు నచ్చదు.

అమెరికన్ సైన్యపు 1871 మోడల్, న్యూయార్క్ స్టేట్ రైఫిళ్లలో బ్లాక్ మూయగానే హ్యామర్ హాఫ్ కాక్‌కు (సగం వెనక్కి లాగిన స్థితికి) పడే ఏర్పాటు ఉంటుంది. దాన్ని చూసి చెడిపోయిందనుకుని "సరిచేయొద్దు".

స్ప్రింగులు విరిగితే కొత్తవి కొనండి, వంచి బలం పెంచొద్దు. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగితే మార్చడమే.

బిగించడం, పరీక్షించడం

విప్పిన వరుసకు తలకిందులుగా బిగించండి: ముందు హ్యామర్, దాన్ని కాక్ చేసి నిలిపి, తర్వాత ఎక్స్‌ట్రాక్టర్‌తో పాటు బ్లాక్, చివరికి బటన్. పిన్నులకు పలచగా గ్రీజు. బటన్ పిన్ను గాళ్లలో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి.

ఖాళీ తుపాకీతో ఈ పరీక్షలు. బ్లాక్ తెరిచి ట్రిగ్గర్ నొక్కండి, కదలకూడదు. కదిలితే లాకింగ్ లీవర్ అరిగింది, ముందుకు వెళ్లొద్దు. హ్యామర్ కాక్ చేసి స్పర్‌ని బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టండి, జారకూడదు. కాక్ చేసి బట్‌ని రబ్బరు చాప మీద నాలుగైదుసార్లు తట్టండి, పడకూడదు. హ్యామర్ దించి బ్లాక్ చెవిని లాగండి, తెరుచుకోకూడదు. ఆ తర్వాత డయల్ ఇండికేటర్‌తో మొదటి కొలత మళ్లీ తీసి, కాగితం మీద పాత అంకె పక్కన రాయండి.

తర్వాత ప్రైమర్ మాత్రమే ఉన్న ఖాళీ కేసు, ఎలాంటి మందూ బుల్లెట్టూ లేకుండా, రేంజ్‌లో. ప్రైమర్ గుంట మధ్యలో, నునుపుగా ఉండాలి. ఆపై తేలికపాటి బ్లాక్ పౌడర్ తూటా. మొదటి కొన్నింటినీ తుపాకీని పాత టైరుకు కట్టి, అడ్డు వెనక నిలబడి దారంతో కాల్చండి. పేలిన ప్రతి కేసునూ చూడండి: ప్రైమర్ బయటికి పొడుచుకొస్తే హెడ్‌స్పేస్ ఇంకా ఎక్కువే, ప్రైమర్ లోహం రంధ్రంలోకి ఉబ్బితే ఫైరింగ్ పిన్ను రంధ్రం పెద్దది. .45-70కి పరిశ్రమ ప్రమాణం గరిష్ఠ ఒత్తిడి 28,000 పి.ఎస్.ఐ. షాపులో "మోడరన్ రైఫిళ్లకు మాత్రమే" అని రాసి అమ్మే తూటాలు దాన్ని చాలా దాటుతాయి, అవి ఈ తుపాకీ దగ్గరకు రాకూడదు. ఇంత పాత యాక్షన్‌లో నేనైతే స్మోక్‌లెస్ పౌడరే వాడను.

ఇరవై తూటాల తర్వాత మళ్లీ విప్పి పిన్నులు కొలవండి. కొత్త పిన్ను మీద పలచటి మెరుపు సహజం. ఒక థౌ కన్నా ఎక్కువ అరిగిందంటే ఏదో ఒక రంధ్రం గరుకుగా మిగిలిపోయింది, దాన్ని ల్యాప్ చేసి మళ్లీ చూడండి. తీసేసిన పాత పిన్నులను పారేయకుండా, కొలతలు రాసిన కాగితంతో పాటు ఒక సంచిలో పెట్టి తుపాకీతోనే ఉంచండి. రేపు దాన్ని కొనేవాడికి ఏది అసలు, ఏది కొత్త అన్నది వాటిని చూస్తేనే తెలుస్తుంది.